వేసవి వంగలో పూత రాలితే మందు కాదు మార్గం
నాటే అదను, నేల తేమ చూసుకుంటేనే దిగుబడి

వేసవిలో మార్కెట్‌కు వచ్చే కూరగాయలు తగ్గుముఖం పడతాయి. వైశాఖ మాసపు వివాహాలు, శుభకార్యాలు తోడై వంకాయకు గిరాకీ పెరుగుతుంది. ఈ ధరను ఆశించి బోరుబావుల కింద అర ఎకరం, ఎకరం విస్తీర్ణంలో వంగ వేసే సన్నకారు, కౌలు రైతులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తారు. అయితే ఏప్రిల్ రెండో పక్షం వచ్చేసరికి ఏపుగా ఎదిగిన తోటలోనూ పూత నేల రాలుతుంది. కారణం తెలియక వారానికో మందు, పది రోజులకో టానిక్కు పిచికారీ చేసి రైతులు చేతి సొమ్ము వదులుకుంటున్నారు. మండు వేసవిలో పూత రాలడానికి చాలా సందర్భాల్లో పురుగు గానీ తెగులు గానీ కారణం కాదు. అధిక ఉష్ణోగ్రతే కారణం. దీనికి విరుగుడు మందు సీసాలో దొరకదు. సరైన అదనులో నాటడం, నేలలో తేమ ఆరకుండా చూడడం, మొక్కకు ఎండ తీవ్రతను తగ్గించడం అనే మూడు జాగ్రత్తలతోనే వేసవి వంగ గట్టెక్కుతుంది.

పూత ఎందుకు రాలుతుంది?

వంగ ఉష్ణ మండలపు పంట. చలి కంటే వేడినే ఎక్కువగా తట్టుకుంటుంది. అయినా దానికీ ఒక హద్దు ఉంది. 21 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో పెరుగుదల, కాత బాగుంటాయి. 35 డిగ్రీలు దాటిన తర్వాత పుప్పొడి సత్తువ కోల్పోతుంది. రాత్రి వేళ కూడా ఉక్కపోత తగ్గకపోతే మొక్క తయారు చేసుకున్న ఆహారం శ్వాసక్రియకే ఖర్చయి, పూతకు అందేది తగ్గిపోతుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. అలాంటి ఎండలో మొక్క బతికి ఉన్నా కాయ కట్టడం కష్టం.

వంగ పూలన్నీ ఒక్క తీరుగా ఉండవన్న సంగతిని రైతులు గమనించాలి. పువ్వు మధ్యలో పసుపు రంగు పరాగకోశాలు గుత్తిగా ఉంటాయి. వాటి నడుమ నుంచి సన్నని కీలం పైకి వస్తుంది. కీలం కొన పరాగకోశాల కంటే పైకి పొడుచుకు వచ్చిన పూలలో కాయ బాగా కడుతుంది. రెండూ సమానంగా ఉన్న పూలలో కొంతవరకు కడుతుంది. కీలం పొట్టిగా ఉండి లోపలే దాగిన పూలలో కాయ పడదు. అవి రాలిపోవడం సహజం. ఎండ తీవ్రత, నీటి ఎద్దడి, పోషక లోపం కలిసినప్పుడు ఈ పొట్టి కీలపు పూల సంఖ్య పెరుగుతుంది. ఇలాంటి పూలను ఏ పురుగుమందూ నిలబెట్టలేదు.

పిచికారీకి ముందు పరీక్ష

పూత రాలడం మొదలు కాగానే దుకాణానికి పరుగెత్తకుండా ఉదయం వేళ తోటలో తిరిగి నాలుగు విషయాలు పరిశీలించాలి.

మొదటిది పువ్వు. తోటలో అక్కడక్కడ 20 పూలు కోసి చూడాలి. అత్యధికం పొట్టి కీలపు పూలైతే కారణం వేడి లేదా నీటి ఎద్దడి అని భావించాలి.

రెండోది మొగ్గ. మొగ్గలకు చిన్న రంధ్రాలు, లోపల గులాబీ ఛాయ గల పురుగు, పక్కన వాలిపోయిన కొమ్మల చివరలు కనిపిస్తే అది కొమ్మ, కాయ తొలుచు పురుగు పని.

మూడోది ఆకు అడుగుభాగం. ఆకులు పాలిపోయి, అడుగున సన్నని బూజు వంటి గూడు, కదిలే ఎర్రని చుక్కలు ఉంటే ఎర్రనల్లి ఆశించినట్లు. భూతద్దంతో చూస్తే స్పష్టంగా కనిపిస్తాయి.

నాలుగోది నేల. మొదలుకు జానెడు దూరంలో 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి పిడికిట పట్టాలి. ఉండ కట్టకుండా పొడిగా రాలిపోతే తేమ చాలడం లేదని గుర్తు. ఇసుక నేలల్లో ఉండ కట్టకపోయినా చేతికి చెమ్మ తగలాలి.

మధ్యాహ్నం ఆకులు వాడినంత మాత్రాన నీరు చాలడం లేదని చెప్పలేం. సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ ప్రభావమే. తెల్లవారుజామున కూడా వాడి ఉంటే నీరు అవసరం. నేల తడిగా ఉన్నా మొక్క వాడి తేరుకోకపోతే బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. అలాంటి మొక్క కాండాన్ని కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని నీటిలో ముంచితే పాల వంటి తెల్లని ద్రవం దారంలా కిందికి దిగుతుంది. ఆ మొక్కలను వేళ్లతో సహా పీకి తగులబెట్టాలి.

అదనే ప్రాణం

వేసవి వంగలో లాభనష్టాలను చాలావరకు నిర్ణయించేది నాటే తేదీ. నారు 30 నుంచి 35 రోజుల్లో సిద్ధమవుతుంది. నాటిన తర్వాత సుమారు 40 రోజులకు పూత, 55 నుంచి 65 రోజులకు తొలి కోత వస్తాయి. వేసవి పంటకు ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలమని చెబుతున్నా, ఎండలు అధికంగా ఉండే ప్రాంతాల్లో ఫిబ్రవరి 15 లోపే నాటడం పూర్తి చేయడం శ్రేయస్కరం.

లెక్క చూస్తే కారణం బోధపడుతుంది. డిసెంబరు ఆఖరి వారంలో విత్తనం చల్లితే జనవరి నెలాఖరుకు నాటవచ్చు. మార్చి రెండో వారంలో పూత వస్తుంది. రేవతి కార్తె ప్రవేశించే మార్చి నెలాఖరు నుంచి కోతలు మొదలవుతాయి. ఎండ ముదిరే సరికి ఆకు గుబురు కమ్మి సాళ్లకు నీడనిస్తుంది. అదే మార్చి నెలాఖరున నాటితే తొలి పూత భరణి, కృత్తిక కార్తెల నడుమ మే మొదటి పక్షంలో వస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలకు ఆ పూతలో నిలిచేది స్వల్పం. పెట్టుబడి ఒకటే అయినా రాబడి ఒకటి కాదు. ఫిబ్రవరి దాటితే నాటడం మానుకుని, జూన్, జూలై నాటి వర్షాకాలపు పంటకు సిద్ధం కావడమే మేలు.

రకాల ఎంపిక

కాయ రంగు, ఆకారం విషయంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో అభిరుచి ఉంటుంది. గుత్తి వంకాయ కూరకు గుండ్రని చిన్న కాయలు, వేపుడుకు పొడవు కాయలు కోరుకుంటారు. దగ్గరి మార్కెట్‌లో ఏది చెల్లుతుందో చూసుకుని రకాన్ని నిర్ణయించుకోవాలి. ఊదా రంగు పొడవు కాయలకు పూసా పర్పుల్ లాంగ్, గుత్తులుగా కాసే చిన్న కాయలకు పూసా పర్పుల్ క్లస్టర్ వంటి రకాలున్నాయి. భాగ్యమతి, శ్యామల, గులాబి తెలుగు రైతులకు పరిచితమైన రకాలు. ఎండు తెగులు బెడద ఉన్న భూముల్లో బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ రకాలు అనువైనవి. తీవ్రమైన ఎండలో ఊదా కాయల రంగు వెలిసి నిగారింపు తగ్గుతుంది. ఆకుపచ్చ కాయల రకాల్లో ఈ నష్టం అంతగా కనిపించదు.

నారుమడిలో జాగ్రత్తలు

ఎకరాకు సూటి రకాలైతే 260 గ్రాములు, సంకర రకాలైతే 120 గ్రాముల విత్తనం సరిపోతుంది. కిలో విత్తనానికి 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించి విత్తుకోవాలి. ఒక మీటరు వెడల్పు, 4 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల మళ్లు ఎకరాకు 10 అవసరమవుతాయి. కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేలలో పెంచితే నాటేటప్పుడు వేళ్లు తెగక మొక్క త్వరగా నిలదొక్కుకుంటుంది. రసం పీల్చే పురుగులు చేరకుండా నారుమడిపై సన్నని నైలాన్ వల కప్పాలి. నాటడానికి వారం ముందు నీటి తడులు తగ్గించి, వలను క్రమంగా తొలగించి మొక్కను ఎండకు అలవాటు చేయాలి. నాటడం ఎప్పుడూ సాయంత్రం వేళే చేపట్టి, వెంటనే తడి ఇవ్వాలి.

ఎరువుల యాజమాన్యం

ఆఖరి దుక్కిలో ఎకరాకు 6 నుంచి 8 టన్నుల బాగా చివికిన పశువుల ఎరువు వేసి కలియదున్నాలి. పచ్చి పెంట వేస్తే నేలలో వేడి పుట్టడమే కాక చెదలు చేరుతాయి. 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్ అందేలా 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 40 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ దుక్కిలోనే వేసుకోవాలి. 40 కిలోల నత్రజనిని, అంటే సుమారు 87 కిలోల యూరియాను, మూడు సమభాగాలు చేసి నాటిన 30, 60, 75 రోజులకు వేయాలి. భూసార పరీక్ష చేయించిన వారు ఆ ఫలితాల మేరకు ఈ మోతాదులను మార్చుకోవాలి.

పూత రాలుతోందని యూరియా పెంచడం సాధారణంగా జరిగే పొరపాటు. నత్రజని మితిమీరితే ఆకు ముదురు పచ్చగా పెరుగుతుందే తప్ప కాయ నిలవదు. పైగా లేత ఆకులకు రసం పీల్చే పురుగులు వచ్చి చేరుతాయి. పొడి నేలపై ఎండ వేళ యూరియా చల్లడం వృథా. తడి ఇచ్చిన మర్నాడు మొదళ్లకు కాస్త దూరంలో వేసి మట్టి కప్పాలి.

నీరు, మల్చింగ్

కాలువ పద్ధతిలో వేసవిలో 4 నుంచి 5 రోజులకోసారి, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న నేలల్లో 3 రోజులకోసారి తడి అవసరమవుతుంది. వారం పాటు ఎండగట్టి ఒక్కసారిగా నిండుగా నీరు పెట్టడం హానికరం. ఆ ఒడిదుడుకులకు పూత, పిందె రాలుతాయి. నీటి ఎద్దడికి గురైన కాయలు గిడసబారి చేదెక్కుతాయి. నేలలో నీరు నిలిచినా, వేడి తోడై ఎండు తెగులు విజృంభిస్తుంది. తెల్లవారుజామున లేదా సాయంత్రం మాత్రమే నీరు కట్టాలి.

బిందు సేద్యం ఉన్నవారు రోజూ కొద్దికొద్దిగా నీరివ్వడం ద్వారా తేమను ఒకే తీరుగా నిలపవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం ప్రారంభమైన నాటి నుంచి బోరుబావుల కింద కూరగాయలకు ఈ పద్ధతి విస్తరించింది. మధ్యాహ్నం పైపుల్లోని నీరు ఎండకు వేడెక్కుతుంది గనుక ఉదయమే వదలడం మంచిది.

నేలపై కప్పు వేస్తే నీరు ఆదా కావడంతో పాటు వేళ్ల వద్ద చల్లదనం నిలుస్తుంది. వరిగడ్డి, చెరకు ఆకు, ఎండు గడ్డి ఏది అందుబాటులో ఉన్నా 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన సాళ్లలో పరవాలి. కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచాలి. చెదలు ఉన్న నేలల్లో పలుచగా వేసి తరచూ గమనించాలి. ప్లాస్టిక్ షీటు వాడేవారు వెండి, నలుపు రంగులున్న దాన్ని ఎంచుకుని వెండి రంగు పైకి వచ్చేలా పరవాలి. నల్లని షీటు మాత్రమే వేస్తే వేసవిలో నేల మరింత వేడెక్కుతుంది.

పడమటి ఎండకు అడ్డు

మధ్యాహ్నం తర్వాత పడమటి దిక్కు నుంచి వచ్చే ఎండ, వడగాలి మొక్కను అధికంగా దెబ్బతీస్తాయి. పొలానికి ఆ వైపున 2, 3 వరసల మొక్కజొన్న లేదా జొన్న దట్టంగా వేసుకోవాలి. మొక్కజొన్న సుమారు మూడున్నర నెలల్లో ఎండిపోతుంది గనుక వరసలన్నీ ఒకేసారి వేయక, నెల వ్యవధిలో రెండు దఫాలుగా విత్తితే మే నెలాఖరు వరకు పచ్చని గోడలా నిలుస్తుంది. గట్లపై అవిశె పెంచినా ప్రయోజనం ఉంటుంది. ఎండ నేరుగా తగిలిన కాయలపై పాలిపోయిన మచ్చలు ఏర్పడి, ఆ చోట తోలు గట్టిపడుతుంది. అందుకే వేసవిలో ఆకులను విపరీతంగా తుంచరాదు. ఎండిన, తెగులు సోకిన ఆకులను మాత్రమే తొలగించాలి.

పెరట్లో, మిద్దెపై పెంచేవారు 35 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్‌ను మధ్యాహ్నం ఎండ తగిలే వైపు కడితే చాలు. మిద్దెపై కుండీలు గచ్చు వేడికి కాగిపోకుండా కింద ఇటుకలో, చెక్కలో ఉంచాలి.

తుమ్మెదలను కాపాడుకోవాలి

వంగ పరాగకోశాల కొనల్లో చిన్న రంధ్రాలుంటాయి. పువ్వు అదిరితేనే వాటి నుంచి పుప్పొడి రాలుతుంది. గాలి కదలికతో పాటు పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిరించే తుమ్మెదలు ఈ పనిని సమర్థంగా చేస్తాయి. ఇవి తిరిగే ఉదయం వేళ పురుగుమందు చల్లితే వాటిని చేజేతులా చంపుకున్నట్లే. ఏ పిచికారీ అయినా సాయంత్రమే చేయాలి. కొద్దిపాటి తోటల్లో ఉదయం పూట కొమ్మలను మెల్లగా కదిపినా పరాగ సంపర్కానికి తోడ్పడుతుంది.

పూత నిలిపేందుకు లీటరు నీటికి 5 గ్రాముల 13-0-45 ఎరువు కలిపి సాయంత్రం పిచికారీ చేయవచ్చు. నేలలో తేమ ఉన్నప్పుడే దీనివల్ల ఫలితం ఉంటుంది. హార్మోన్ మందులు ఉద్యాన అధికారి సలహా లేనిదే వాడరాదు. మోతాదు ఏమాత్రం మించినా ఆకులు ముడుచుకుని ఉన్న పూత కూడా పోతుంది.

పురుగులు, తెగుళ్లు

కొమ్మ, కాయ తొలుచు పురుగు వంగకు ప్రధాన శత్రువు. వాలిన కొమ్మ చివరలను పురుగు ఉన్న చోటుకు అంగుళం కిందికి తుంచి, పుచ్చిన కాయలతో సహా పొలం బయట కాల్చివేయాలి. వీటిని గట్టున పారేస్తే పురుగు తిరిగి తోటలోకే వస్తుంది. ఊరంతా కలిసి వారానికి రెండుసార్లు ఈ పని చేస్తే మందుల ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఉనికిని కనిపెట్టేందుకు ఎకరాకు 4, 5 లింగాకర్షక బుట్టలు అమర్చుకోవాలి. తొలి దశలో 5 శాతం వేప గింజల కషాయం, ఉధృతి పెరిగితే లీటరు నీటికి 0.4 గ్రాముల ఇమామెక్టిన్ బెంజోయేట్ పిచికారీ చేయాలి. ఈ పురుగును తట్టుకునేలా రూపొందించిన బీటీ వంగపై కేంద్రం 2010 ఫిబ్రవరిలో మారటోరియం విధించింది. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా విత్తనం అమ్మజూపితే కొని మోసపోవద్దు.

వేడి, పొడి వాతావరణంలో ఎర్రనల్లి వేగంగా వృద్ధి చెందుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే కొట్టిన తోటల్లో మిత్రపురుగులు నశించి ఇది మరింత పెరుగుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకాన్ని ఆకుల అడుగు తడిసేలా సాయంత్రం చల్లాలి. ఎండ వేళ గంధకం చల్లితే ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టిన తోటలో వెంటనే గంధకం వాడరాదు. పాత పుస్తకాల్లో నల్లికి సిఫార్సు చేసిన డైకోఫాల్‌ను కేంద్రం 2023లో నిషేధించింది. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకానికి 2005లోనే నిషేధం విధించింది. ఎవరు ఇచ్చినా వీటిని వాడరాదు.

ఆకులు చిన్నవై, గుబురుగా మారి, పూత లేకుండా పోయిన మొక్కలకు వెర్రి తెగులు సోకినట్లు. దీనికి చికిత్స లేదు. పచ్చదోమ ద్వారా ఇతర మొక్కలకు పాకుతుంది గనుక కనిపించిన వెంటనే పీకి నాశనం చేయాలి. వంగ తర్వాత అదే భూమిలో టమాటా, మిరప వంటి ఒకే జాతి పంటలు వేయకుండా పంట మార్పిడి పాటించాలి.

కోత, మార్కెటింగ్

వేసవిలో కాయ త్వరగా ముదిరి గింజ కడుతుంది. 4, 5 రోజులకోసారి తొడిమతో సహా కోయాలి. ఎండ ఎక్కకముందే కోసి నీడకు చేర్చి, తడి గోనెపట్టా కప్పాలి. గంట సేపు ఎండలో ఉన్నా కాయ నిగారింపు పోయి ధర తగ్గుతుంది. మందు చల్లిన తర్వాత సీసాపై సూచించిన వ్యవధి గడిచాకే కోయాలి. ఈ గడువు కొన్ని మందులకు 3 రోజులే ఉంటే మరికొన్నింటికి 20 రోజులు కూడా దాటుతుంది. రెండు కోతల మధ్య వ్యవధి 4, 5 రోజులే అయినప్పుడు దీర్ఘ గడువు గల మందు కొట్టడమంటే తినేవారి పళ్లెంలో విషం వడ్డించడమే.

మే మూడో వారానికి కాత పూర్తిగా తగ్గితే తోటను పీకనవసరం లేదు. చీడలేని ఆరోగ్యమైన తోటైతే మొక్కలను నేల నుంచి జానెడున్నర ఎత్తులో కత్తిరించి, ఎరువు వేసి తడి ఇవ్వాలి. తొలకరితో వచ్చే కొత్త చిగుళ్లు పూతకు వచ్చేసరికి ఎండలు తగ్గుతాయి. నారు, నాట్ల ఖర్చు లేకుండానే కార్శి పంట చేతికందుతుంది.

సందేహాలుంటే మండల ఉద్యాన అధికారిని గానీ, సమీప కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ సంప్రదించాలి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు. ఫోన్ చేసే ముందు పువ్వు కీలం, ఆకు అడుగు, నేల తేమ చూసి చెప్పగలిగితే సరైన సమాధానం దొరుకుతుంది. కొనాల్సిన అవసరం లేని మందుకు డబ్బు పెట్టే బాధ తప్పుతుంది.